రోజూ పొద్దున్నే సున్నా చేసిన బీమ్

2022 వానాకాలం. గడ్డపోతారం పారిశ్రామికవాడలో ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ కొత్త ప్రొడక్షన్ బ్లాక్ కట్టుకుంటోంది. ఫ్యాక్టరీ పేరు రాయను. రాస్తే వాళ్ల లాయరుకు పని, నాకు తలనొప్పి. అయినా పటాన్‌చెరు నుంచి జిన్నారం దాకా ఈ బెల్టులో పనిచేసినవాళ్లు ఎవరు చదివినా "ఇది మా ఫ్యాక్టరీ సంగతే" అనుకుంటారు. నా కోపానికి సగం కారణం అదే.

నేను సివిల్ ఇంజినీర్ని. కట్టడం నా పని కాదు, కట్టినవి ఎలా ఉన్నాయో కనిపెట్టుకుని ఉండటం నా పని. దీన్ని మా వృత్తిలో స్ట్రక్చరల్ హెల్త్ మానిటరింగ్ అంటారు. కాంక్రీటు పోయకముందే బీముల్లోని ఇనుప చువ్వల వెంట వెంట్రుకంత సన్నని గాజు తీగను కట్టేస్తాం. అదే ఆప్టికల్ ఫైబర్, మీ ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే తీగకు దగ్గరి చుట్టం. దాంట్లో అక్కడక్కడ గ్రేటింగులనే గుర్తులుంటాయి. తీగలోకి వెలుతురు పంపితే ఒక్కో గ్రేటింగ్ ఒక్కో రంగును మాత్రమే వెనక్కి పంపుతుంది. పైన బరువు పడి బీమ్ పిసరంత సాగితే లోపలి గాజు కూడా సాగుతుంది, వెనక్కి వచ్చే రంగు కొద్దిగా మారుతుంది. ఆ మార్పును చదివే పెట్టె పేరు ఇంటరాగేటర్. ఆ సాగుడుకు మేం పెట్టుకున్న పేరు స్ట్రెయిన్. అంతే విద్య. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది, నేర్చుకోవడానికి నాకు ఏడేళ్లు పట్టింది.

ఆ బ్లాక్‌లో మొదటి అంతస్తు మీద రియాక్టర్లు కూర్చుంటాయి. రియాక్టర్ అంటే మందు తయారయ్యే పెద్ద పాత్ర. లోపల గాజు పూత, బయట ఉక్కు, నిండితే చాలా టన్నుల బరువు. ఆ బరువంతా మోసే బీములు ఆరు. వాటిలో మూడో నంబరు బీమ్ అన్నిటికన్నా పొడవు కాబట్టి దాంట్లో నాలుగు సెన్సర్లు, అంటే నాలుగు గ్రేటింగులు, పెట్టాం. కాంక్రీటు పోసే రోజు దాన్ని కుదించే వైబ్రేటర్ పట్టుకున్న బిహారీ కుర్రాళ్ల వెనకాలే నేను పొద్దుటినుంచి సాయంత్రం దాకా తిరిగాను. వైబ్రేటర్ సూది ఒక్కసారి తగిలితే గాజు తీగ పుటుక్కున తెగుతుంది, గట్టిపడ్డ కాంక్రీటులోంచి దాన్ని మళ్లీ ఎవరూ తీయలేరు. "భయ్యా, ఇధర్ నహీ" అని అరిచి అరిచి గొంతు పోయింది. నాలుగు సెన్సర్లూ బతికాయి. ఆ రోజు నాకు చాలా గర్వంగా అనిపించింది.

యాజమాన్యానికి ఈ తీగల మీద ఏమంత ప్రేమ లేదు. విదేశీ కొనుగోలుదారుల ఆడిట్‌లో "స్మార్ట్ బిల్డింగ్" అని చూపించుకోవడానికి పెట్టించుకున్నారు. అది నాకు అప్పుడే తెలుసు. తెలిసి కూడా, ఏదో ఒక కారణానికి పెట్టుకున్నారు కదా, మంచిదే అనుకున్నాను.

ప్యానెల్ రూములో ఆ ఇంటరాగేటర్ తెర చూసుకునే పని యాదగిరి అనే ఆపరేటర్‌కు అప్పగించారు. వాళ్ల ఊరు జిన్నారం దగ్గర. యాభై దగ్గరపడ్డ మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. అతనికి నేను శిక్షణ ఇచ్చాను. ఎంతసేపు? అరగంట. ప్లాంట్ హెడ్ అంతకంటే ఎక్కువ టైమ్ ఇవ్వనన్నాడు, నేనూ పట్టుబట్టలేదు. కింద ఆసరాగా పెట్టిన సెంట్రింగ్ విప్పి, బీమ్ తన బరువు తాను మోయడం మొదలుపెట్టాక తెర మీది అంకెను ఒక్కసారి సున్నాకు తేవాలి. అక్కడినుంచి ఎంత పెరిగినా అది పైనుంచి పడ్డ బరువే. హద్దు దాటితే సైరన్ మోగుతుంది. ఆ పొద్దున యాదగిరి పక్కన నిలబడి చూస్తుండగా జీరో బటన్ నేనే నొక్కాను. "ఇట్ల చేయాలన్నా" అన్నాను. మళ్లీ జన్మలో ముట్టుకోవద్దని మాత్రం చెప్పలేదు. చెప్పకపోయినా తెలుస్తుందనుకున్నాను. చదువుకున్నవాళ్లకుండే పొగరు అది.

తర్వాత ప్రతి నెలా రిపోర్టు నాకు మెయిల్‌లో వచ్చేది. రోజుకొక అంకె చొప్పున ఆరు బీములకు ఆరు గీతలు, ఆరూ తిన్నగా, సున్నాను పట్టుకుని. పక్కన పచ్చ రంగు. ఇక్కడ నా చెంప నేనే వాయించుకోవాలి. కాంక్రీటు ఎప్పుడూ అంత బుద్ధిగా ఉండదు. ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, రియాక్టర్‌లో బ్యాచ్ నింపితే వంగుతుంది, ఖాళీ చేస్తే తేరుకుంటుంది. తిన్నటి గీత వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. పదిహేను నెలలు పదిహేను రిపోర్టులు చూశాను. మంచి బిల్డింగ్ అనుకుని ఫోల్డర్‌లో పడేశాను.

2024 ఏప్రిల్‌లో వార్షిక తనిఖీకి వెళ్లాను. మొదటి అంతస్తు ఎక్కగానే మూడో బీమ్ మీద ఏదో తేడా కనిపించింది. డ్రాయింగులో ఉన్నది ఒక సైజు రియాక్టర్, అక్కడ కూర్చున్నది దానికి దాదాపు రెట్టింపు. చుట్టూ కొత్తగా ఉక్కు ప్లాట్‌ఫారం కూడా. ఎప్పుడు మార్చారని అక్కడున్న ఫిట్టర్‌ను అడిగితే, పోయిన ఏడాది ఫిబ్రవరిలో అన్నాడు. ఫిబ్రవరి రిపోర్టు నాకు గుర్తుంది. దాంట్లో కూడా తిన్నటి గీతే.

కిందికి దిగి ప్యానెల్ రూముకు పోయాను. యాదగిరి లేచి కుర్చీ వేశాడు.

"అన్నా, ఈ తెర మీద రోజూ ఏం చేస్తవో జెర నాకు చేసి చూపించు."

"గంతేనా మేడం. డ్యూటీ ఎక్కంగనే మొదలు సున్న కొడ్త. ఎనుకసిరి తొమ్మిదింటికి రిపోర్టు తీస్త."

"రోజూ కొడ్తవా సున్న?"

"రోజూ. నేను సెలవు పెట్టినా పక్కోనికి జెప్పి కొట్టిపిస్త. ఒక్కనాడు గూడ తప్పలె."

నా మొహం చూసి ఏదో తప్పు జరిగిందని అతనికి అర్థమైంది. కానీ ఏం తప్పో అర్థం కాలేదు. మెల్లగా చెప్పుకొచ్చాడు.

"నేను పన్నెండేండ్లు ధర్మకాంట మీద జేసిన మేడం, పటాన్‌చెరు రోడ్ల. పొద్దుగాల్ల మొదటి లారీ ఎక్కకముందే కాంట సున్న జెయ్యాలె. రాత్రి వాన వడ్తది, బురద వడ్తది, గా బరువు గట్లనే ఉంటది గద. గది తీసెయ్యకుంట తూకం వెడితే ఎవడో ఒకడు మునుగుతడు. మా సేటు తూకంల గుంజుకున్నా నేను గుంజుకోలె. మీరు గూడ గాడ నిలవడి సున్న కొట్టి సూపిచ్చిన్రు. నేను గదే అనుకున్న."

లారీలు తూచే కాంటా మీద సున్నా చేయడం నిజాయితీ. అది చేయనివాడు దొంగ. పన్నెండేళ్లు ఆ నిజాయితీని అలవాటు చేసుకున్న మనిషి, దాన్ని మోసుకొచ్చి నా తెర ముందు పెట్టాడు. రాత్రికల్లా బీమ్ ఎంత సాగినా, పొద్దున్నే దాన్ని బురదలా కడిగేశాడు. ఆ వెంటనే తొమ్మిదింటికి తీసిన రిపోర్టులో సున్నా కాక మరేముంటుంది? అతన్ని తప్పు పట్టడానికేముంది? ఆ బటన్‌ను అందరి చేతికందేలా పెట్టిందీ నేనే, అరగంటలో పాఠం ముగించిందీ నేనే.

అదృష్టం ఏమంటే, జీరో బటన్ తెర మీది అంకెను మారుస్తుందే తప్ప ఇంటరాగేటర్ లోపలి అసలు రికార్డు జోలికి పోదు. వెనక్కి వచ్చిన రంగు ఏ గంటకు ఎంతో అది రాసి పెట్టుకుంటూనే ఉంటుంది. దాన్ని నా ల్యాప్‌టాప్‌లోకి దింపి, మొదటి రోజు రంగుతో పోల్చి గీశాను. 2023 ఫిబ్రవరి దాకా మామూలు ఎగుడుదిగుళ్లు. ఆ నెలలో ఒక రోజు గీత గోడలా నిలువుగా లేచింది. ఆపైన పద్నాలుగు నెలలు మెల్లగా, ఆగకుండా ఎక్కుతూనే ఉంది. నాలుగు సెన్సర్లదీ ఒకే మాట. డిజైనర్ పెట్టిన హద్దు ఎప్పుడో దాటిపోయింది. హైదరాబాద్‌లో ఉన్న ఆ డిజైనర్‌కు ఫోన్ చేసి అంకెలు చదివి వినిపించాను. "అంత బరువు ఎవరు పెట్టమన్నారు? నన్నెవరూ అడగలేదే. ముందు కింద మనుషులుంటే ఖాళీ చేయించండి" అన్నాడు.

కింద మనుషులున్నారు. మూడో బీమ్ కింద డ్రమ్ములు కడిగే జాగా. కాంట్రాక్టు మీద పనిచేసే ఎనిమిది మంది ఆడవాళ్లు ఖాళీ డ్రమ్ముల మీది పాత లేబుళ్లు గీకి, కడిగి, ఆరబెట్టేవాళ్లు. మధ్యాహ్నం అన్నాలు తినేదీ అక్కడే, ఎందుకంటే ఆ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీలకు క్యాంటీన్ లేదు. నీడ ఉన్న చోటు అదొక్కటే.

ల్యాప్‌టాప్ పట్టుకుని ప్లాంట్ హెడ్ గదికి పోయాను. యాదగిరిని కూడా పిలిపించారు. ప్లాంట్ హెడ్ నలభై ఐదేళ్ల మనిషి. కెమికల్ ఇంజినీరింగ్‌లో గట్టివాడని చెబుతారు, నేను కాదనను. గీత చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మేడం, బిల్డింగ్ నిలబడే ఉంది కదా. మీ గాజు తీగకే ఏదో అయ్యుంటుంది."

"ఒకటి కాదు సార్, నాలుగు సెన్సర్లు. నాలుగూ ఒకే రోజు, ఒకే తీరుగా చెడిపోతాయా? అది మీరు పెద్ద రియాక్టర్ ఎక్కించిన రోజు."

"బ్యాచ్ మధ్యలో ఉంది. నాలుగు రోజులాగితే ఖాళీ చేస్తాం. పై వారం ఆడిట్ ఉంది, అది కూడా అయిపోనివ్వండి."

"బ్యాచ్ సంగతి మీరు చూసుకోండి. సపోర్టులు ఈ రోజే పెట్టించండి. కింద ఉన్న ఆడవాళ్లను ఇప్పుడే అక్కణ్నుంచి పంపించండి."

"వాళ్లకు ఏం చెప్పమంటారు? బీమ్ పడుతుందని చెప్తే గంటలో ఊరంతా పాకుతుంది. మెల్లగా చూద్దాం."

ఆ 'మెల్లగా' అనే మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆయన కుర్చీ ఆ బీమ్ కింద లేదు. ఆయన టేబుల్ అక్కడ ఉంటే ఆ మాట వచ్చేదా? అంతటితో ఊరుకున్నా బాగుండేది. యాదగిరి వైపు తిరిగాడు.

"అంతా వీడు చేసిన పని. 'నా అవగాహన లోపం వల్ల జరిగింది' అని వీడితో సంతకం పెట్టించండి."

యాదగిరి అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చేతులు విప్పలేదు, గొంతు పెంచలేదు.

"సున్న కొట్టింది నేనే సార్, కాదంటలేను. కానీ గా రియాక్టర్ ఎక్కిచ్చి టెస్టింగ్‌కు నీళ్లు నింపిన దినం సైరన్ మొత్తుకున్నది. నాకు బుగులైంది. మీకు ఫోన్ జేసిన. 'కొత్తది ఎక్కిచ్చిన్రు, బరువు వడ్తది, సున్న కొట్టు' అన్నది మీరే గద."

"నాకు గుర్తులేదు" అన్నాడు ప్లాంట్ హెడ్, తన ఫోన్ చూసుకుంటూ.

పెట్టెకు గుర్తుంది. సైరన్ మోగిన సమయమూ, పదకొండు నిమిషాల తర్వాత జీరో నొక్కిన సమయమూ రికార్డులో పక్కపక్కనే ఉన్నాయి. తెర మీద చూపించాను. ఆయన ఒకసారి చూసి ల్యాప్‌టాప్ మూత తన చేత్తోనే మూసేశాడు. నా ల్యాప్‌టాప్ మూత.

అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట. రాతపూర్వకంగా హెచ్చరిక పంపి, సమాధానం కోసం చూస్తూ కూర్చోవడం మా పద్ధతి. ఒప్పందంలో కూడా అంతే రాసి ఉంటుంది, కార్మికులతో నేరుగా మాట్లాడకూడదని. మెయిల్ పంపాను. మెట్లు దిగాను. ఎనిమిది మందీ సరిగ్గా మూడో బీమ్ కింద టిఫిన్ గిన్నెలు విప్పుకుని కూర్చున్నారు. ఇంకేం పద్ధతి?

వాళ్లకు మేస్త్రి సత్తెమ్మ. మనిషి సన్నగా ఉంటుంది, మాట మాత్రం లావు. "రా మేడం, కూసో. తింటవా?" అని పచ్చి పులుసు గిన్నె జరిపింది. నేను కూర్చోకుండా పైకే చూస్తున్నాను. బీమ్, స్లాబ్ కలిసే చోట కొత్తగా తెల్ల పెయింట్ పట్టీ కనిపించింది. మిగతా బీములకు అది లేదు.

"మీదికేం జూస్తున్నవు, కిందికి జూడు" అంది సత్తెమ్మ. "మీద కడిగినప్పుడు ముందుగాల గీ కంబం కాడ రెండు సుక్కలు వడుతుండె. తర్వాత్తర్వాత వరుస వెరిగింది. ఇగ ఇప్పుడు గా కొస దాక వడ్తది. గిన్నెలల్ల వడ్తున్నయని మేం జెర జెర జరుక్కుంట కూసుంటున్నం. మొన్న రంగు పూసి పోయిన్రు. రంగు పూసినా ఆగలె."

"ఎవరికన్న చెప్పిన్రా సత్తెక్కా?"

"సూపర్వైజర్‌కు జెప్పిన. నీళ్లు వడితే తుడుసుకోండ్రి, మీకెందుకు అన్నడు."

నేల చూశాను. గచ్చు మీద చుక్కలు పడిపడి మరకలు కట్టిన వరుస, బీమ్ ఈ చివరనుంచి ఆ చివరకు. ఆ తెల్ల రంగు కింది పగులు ఎట్లా పాకిందో, ఏ దిక్కుకు పాకిందో ఆ మరకల్లో ఉంది. జర్మనీ నుంచి తెప్పించిన నా పెట్టె ఏం చెప్పిందో, ఈ ఎనిమిది మంది తమ అన్నం గిన్నెలతో అదే కొలిచారు. వాళ్ల మాటను తుడుచుకోమన్నారు, నా మాటను సున్నా చేయమన్నారు.

"అక్కా, ఈ బీమ్ మొయ్యాల్సిన దానికన్న ఎక్కువ బరువు మోస్తున్నది. ఎప్పుడేమైతదో నేను చెప్పలేను, ఏం గాకపోవచ్చు కూడా. కానీ దీని కింద కూసోకుండ్రి. పని గూడ ఈడ చెయ్యకుండ్రి."

తినే చేతులు ఆగాయి. సత్తెమ్మ నన్ను నిలువునా చూసింది.

"నీకెప్పుడు ఎర్కైంది?"

"ఇయ్యాల్నే."

"గా డబ్బకు?"

నేను అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేకపోయాను. "పద్నాలుగు నెలల సంది."

"డబ్బకు ఎర్కున్నది. సుక్కలు వడ్తున్నయని మాకు ఎర్కున్నది. మరి నడుమల మీరంత ఏం జేస్తున్రు మేడం?"

సత్తెమ్మ జవాబు కోసం ఆగలేదు. గిన్నె మూత పెట్టి లేచింది. "లెవ్వుండ్రి" అంది, అంతే. ఎనిమిది మందీ లేచి బయట డ్రమ్ముల యార్డులోకి నడిచారు. ఏప్రిల్ ఎండ. అక్కడ ఆగి ఉన్న ట్యాంకర్ నీడలో సర్దుకుని కూర్చుని మిగిలిన అన్నం తిన్నారు. సూపర్వైజర్ వచ్చి గేటు పాసులు గుంజుకుంటానన్నాడు. "గుంజుకో, గా కిందికి మాత్రం రాము" అన్నారు. ఇద్దరికి చిన్నపిల్లలున్నారు, ఒకామె భర్త మంచంలో ఉన్నాడు. పాసు పోతే వాళ్లకు రేపటి పని లేదు. అది తెలిసే ఆ మాటన్నారు.

గంటలో ప్లాంట్ హెడ్ నుంచి ఫోన్. లేబర్‌ను రెచ్చగొట్టినందుకు మా కంపెనీ మీద చర్య తీసుకుంటానన్నాడు. తీసుకోమన్నాను. ఆ సాయంత్రం మా డైరెక్టర్ కూడా ఫోన్ చేసి కొంచెం మెత్తగా అదే అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, తలచుకుంటే నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. మర్నాడు మధ్యాహ్నానికి బీమ్ కింద ఉక్కు సపోర్టులు వచ్చాయి, రియాక్టర్ ఖాళీ చేయడం మొదలైంది. నా మెయిల్ చదివి కాదు, నా గీత చూసీ కాదు. కడిగిన డ్రమ్ములు అయిపోయాయి. తయారైన సరుకు నింపడానికి డ్రమ్ముల్లేక పని ఆగింది. కడిగేవాళ్లేమో ఆ బీమ్ కిందికి రారు. ఎనిమిది ప్రాణాల కోసం ఆగని బ్యాచ్, కడిగిన డ్రమ్ముల కోసం ఆగింది.

బరువు దింపుతుంటే నేను తెర ముందే ఉన్నాను. పూర్తిగా దింపాక కూడా స్ట్రెయిన్ సగం దాకా దిగి అక్కడే నిలిచిపోయింది. అంటే లోపలి ఇనుము తిరిగి రాలేనంత సాగిపోయింది. అలా సాగిన ఇనుము ఇంకెన్ని రోజులు మోసేదో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. తర్వాత ఆ బీమ్ చుట్టూ కొత్త ఇనుము అల్లి, కాంక్రీటు తొడుగు వేశారు. పెద్ద రియాక్టర్‌ను నేల మీద పునాది వేసి అక్కడికి మార్చారు.

చివరి సమావేశంలో ప్లాంట్ హెడ్ టీ తాగుతూ అన్నాడు. "ఏమీ కాలేదు కదా మేడం. కొండను తవ్వి ఎలుకను పట్టారు."

నా వృత్తికి ఉన్న శాపం ఇది. మేం చెప్పింది విన్నారంటే ఏమీ కాదు. ఏమీ కాలేదు కాబట్టి మేం చెప్పింది అబద్ధం. మనిషి చచ్చాక శవాన్ని చూపిస్తే తప్ప ఈ మహానుభావులకు సాక్ష్యం చాలదు. "కొండ మీ బీమ్ మీద ఉండింది సార్, దించాను" అన్నాను. ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

యాదగిరి ఉద్యోగం పోయింది. అవగాహన లోపమని రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకుని మరీ పంపించారు. శిక్షణ లోపం నాదని, సైరన్ మోగినప్పుడు అతను వెంటనే పైవాళ్లకు చెప్పాడని, రికార్డు జతచేసి యాజమాన్యానికి మూడు పేజీల ఉత్తరం రాశాను. కానీ అది పంపడానికి తొమ్మిది రోజులు తీసుకున్నాను. ఆ ఉత్తరానికి మా కంపెనీ తుది ఆమోదం వచ్చేదాకా ఆగమని మా డైరెక్టర్ అన్నాడు, నేను ఆగాను. ఉత్తరం చేరేసరికి అతను వెళ్లిపోయాడు. ఇతరుల మీద ఇంత కోప్పడ్డ నేను, ఆ తొమ్మిది రోజుల సంగతి దాచుకుంటే ఈ కథ రాయడానికి అర్హత లేదు.

ఫోన్ చేసి క్షమించమన్నాను. "పోనియ్ మేడం" అన్నాడు. "రుద్రారం దిక్కు ఓ కాంట మీద మళ్ల దొరికింది. ఈడ సున్న కొడితే ఎవలు గూడ తప్పు వట్టరు." అతను తేలిగ్గానే అన్నాడు.

ఇప్పుడు మేం పెట్టే ఏ తెర మీదా జీరో బటన్ ఉండదు. అది మా కంపెనీ నుంచే చేయాలి, కారణం రాయాలి. హద్దు దాటితే ప్యానెల్ రూములోనే కాదు, ఆ బీమ్ కింద కూడా ఎర్ర దీపం వెలగాలి, దాని పక్కన తెలుగులోనూ హిందీలోనూ ఏం చేయాలో రాసి ఉండాలి. దానికి ఒప్పుకోని చోట పని తీసుకోను. కొందరు అడుగుతారు, లేబర్ భయపడితే ఎట్లా మేడం అని. భయపడాల్సినప్పుడు భయపడే హక్కు వాళ్లకూ ఉందండీ అంటాను. శిక్షణకు అరగంట సరిపోదు. ముందుగా ఆ ఆపరేటర్ ఇంతకుముందు ఏం పని చేశాడో అడుగుతాను, ఆ పనిలో ఏది మంచి అలవాటో అడుగుతాను. కింద పనిచేసేవాళ్ల దగ్గర కూర్చుని ఏం గమనించారో కూడా అడుగుతాను. సెన్సర్ పెట్టని చోట కూడా వాళ్ల కళ్లుంటాయి.

ఆ ఫ్యాక్టరీకి నేనిచ్చిన తుది రిపోర్టు చివర ఒక పట్టిక ఉంది. హెచ్చరిక ఎప్పుడొచ్చింది, ఎవరికి తెలిసింది, దాని మీద చర్య ఎవరు తీసుకున్నారు అని మూడు గడులు. ఆఖరి గడిలో 'యాజమాన్యం' అని రాయమని ప్లాంట్ హెడ్ కోరాడు. నేను సత్తెమ్మతో మొదలుపెట్టి ఎనిమిది మంది పేర్లూ ఇంటిపేర్లతో సహా రాశాను. తీసేయమని మూడుసార్లు మెయిల్ వచ్చింది. తీయలేదు. ఆ గడిలో నా పేరు కూడా రాసుకోలేదు. తీగ కట్టింది నేను, పెట్టె పెట్టింది నేను, గీత గీసింది నేను. ఆ బీమ్ కిందినుంచి లేచింది వాళ్లు.